ఫైట్ మధ్యలో వాచీ చెయ్యి మారిపోతే ఎవరూ చూసుకోరా? పదకొండేళ్లు కంటిన్యుటీ రాసినవాడి జవాబు

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. యాక్షన్ సినిమాల్లో తప్పుల మీద వీడియోలు చేద్దామనుకుంటున్నాడట. ఒక సినిమాలో ఇంటర్వెల్ ఫైట్ చూస్తుంటే హీరో వాచీ ఎడమ చేతికి ఉంది, మరుక్షణం కుడి చేతికి వచ్చింది, మళ్లీ ఎడమకే పోయింది. కోట్లు పెట్టి తీస్తారు, సెట్‌లో వందమంది ఉంటారు, ఒక్కరికీ కనపడదా అన్నా, అని అడిగాడు.

కనపడుతుంది తమ్ముడూ. చాలాసార్లు కనపడే వదిలేస్తారు. ఎందుకు వదిలేస్తారో చెప్తాను, ఏది వదిలెయ్యకూడదో కూడా చెప్తాను, ఎందుకంటే ఈ రెండూ ఒకటి కాదు, నువ్వు వీడియోల్లో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే పనిచేసినవాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది.

నేను 2006 నుంచి పదకొండేళ్లు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను, మొదట చెన్నై, తర్వాత హైదరాబాద్. అందులో ఎక్కువ కాలం చేసింది కంటిన్యుటీ రాయడమే, అంటే ఒక షాట్‌లో బట్టలు, వాచీ, గాయం ఎలా ఉన్నాయో తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా షీట్‌లో రాసిపెట్టడం. ఇప్పుడు తిరుపతిలో వీడియో ఎడిటింగ్ చేసుకుంటున్నాను.

ముందు నీ వాచీ సంగతి. ఆ షాట్ దగ్గర ఆపి, హీరో చొక్కా జేబు ఏ వైపు ఉందో చూడు. మన చొక్కాలకి జేబు ఎడమవైపు ఉంటుంది. అది కూడా కుడివైపుకి వచ్చేసి ఉంటే ఆర్టిస్టు వాచీ మార్చుకోలేదు, ఎడిటింగ్‌లో ఆ షాట్‌ని అద్దంలో చూసినట్టు తిప్పేశారు. ఫ్లిప్ అంటారు దాన్ని. వెనకాల షాపు బోర్డు గానీ బండి నంబరు గానీ ఉంటే అక్షరాలు కూడా తిరగబడి కనిపిస్తాయి, అందుకే ఫ్లిప్ చేసిన షాట్ వెనక సాధారణంగా గోడో, చెట్లో, దుమ్మో ఉంటుంది.

ఎందుకు తిప్పుతారంటే, నా చేతిలో జరిగిందే చెప్తాను. ఒక సినిమాలో హీరోకి ఫైట్ మొదట్లోనే కనుబొమ మీద గాటు పడుతుంది. మొదటి షెడ్యూల్‌లో ఆరు రోజులు తీశాం. మిగిలిన క్లోజప్‌లు నలభై రోజుల తర్వాత వేరే ఊళ్లో. మేకప్ అసిస్టెంట్ దగ్గర ఫొటో ఉంది కదా అని నేను షీట్‌లో "కనుబొమ పైన గాటు, అర అంగుళం, రక్తం ఆరినట్టు" అని రాశాను. కుడా ఎడమా రాయలేదు. ఆ ఫొటో ఏమో మేకప్ కుర్చీ వెనక నిలబడి అద్దంలో కనపడే మొహాన్ని తీసింది. రెండో షెడ్యూల్‌లో ఆ ఫొటో చూసి గాటు పెట్టారు. ఎడమ కనుబొమ మీద ఉండాల్సింది కుడి కనుబొమ మీదికి వచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా పదకొండు క్లోజప్‌లు అలాగే తీసేశాం. ఎడిటింగ్ రూమ్‌లో రెండు షెడ్యూళ్లూ పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడింది. మళ్లీ తీద్దామంటే ఆర్టిస్టు కాల్షీట్ లేదు. తొమ్మిది క్లోజప్‌లు తీసెయ్యగలిగారు, రెండు మాత్రం కథకి తప్పనిసరి. వాటిని ఫ్లిప్ చేశారు. గాటు సరైన చోటికి వచ్చింది, జేబు కుడివైపుకి పోయింది. ఒక్కో షాట్ ఒకటిన్నర సెకను, అంటే 36 ఫ్రేములు. థియేటర్లో జనం గాటు చూశారు గానీ జేబు చూడలేదు. నేను మాత్రం జేబే చూశాను. ఆ రోజు తర్వాత "ఆర్టిస్టు ఎడమ" అని రాయకుండా ఒక్క షీట్ కూడా వదల్లేదు. "ఎడమ" అని ఊరికే రాసినా చాలదు, కెమెరాకి ఎడమా ఆర్టిస్టుకి ఎడమా వేరు.

ఫైట్‌లో ఇన్ని తేడాలు ఎందుకొస్తాయో అర్థం కావాలంటే అది ఎలా తీస్తారో తెలియాలి. తెర మీద నాలుగు నిమిషాల ఫైట్ సెట్‌లో ఐదారు రోజులు, ఒక్కోసారి పది రోజులు. తెర మీద కనిపించే వరసలో ఎవరూ తియ్యరు. కెమెరా ఒకవైపు పెట్టి లైటింగ్ చేశాక ఆ వైపు చూసే షాట్లన్నీ, మొదటి గుద్దు దగ్గర్నుంచి ఆఖరి గుద్దు దాకా, ఒకేసారి తీసేస్తారు. తర్వాత కెమెరా అటు తిప్పి మిగిలినవి. అంటే పొద్దున పదింటికి హీరో చొక్కా చిరిగి రక్తంతో ఉంటాడు, పదకొండింటికి ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు, మధ్యాహ్నం సగం చిరుగుతో ఉంటాడు. అందుకే కాస్ట్యూమర్ ఒకే గుడ్డతో ఏడెనిమిది చొక్కాలు కుట్టించి నంబర్లు వేస్తాడు. ఒకటి శుభ్రంగా, రెండు చెమటతో, మూడు భుజం దగ్గర చిరుగుతో, నాలుగు రక్తంతో, ఇలా. డూప్‌కి వేరే సెట్. లంచ్ బ్రేక్ తర్వాత మూడో నంబరు బదులు నాలుగో నంబరు చొక్కా వేస్తే చాలు, తెర మీద రక్తం వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. దీనికి తోడు డూప్ షాట్లు ఫైట్ మాస్టర్ యూనిట్ ఒక్కోసారి విడిగా తీస్తుంది, అక్కడ కంటిన్యుటీ రాసే మనిషి ఇంకొకడు.

చొక్కానైనా మార్చొచ్చు, ఎండని మార్చలేం. మన తిరుపతి, చిత్తూరు వైపు ఏప్రిల్ ఆఖరి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు, నీడ కాళ్ల కింద పడుతుంది. అదే చోట డిసెంబర్‌లో నిలబడితే మిట్టమధ్యాహ్నమే ఆరడుగుల మనిషికి నాలుగున్నర అడుగుల నీడ పడుతుంది. ఏప్రిల్‌లో తీసిన ఫైట్‌కి డిసెంబర్‌లో ప్యాచ్ వర్క్ చేస్తే, అంటే మిగిలిపోయిన ముక్కలు తీస్తే, ఒకే గుద్దు, కొట్టినవాడికి నీడ లేదు, తిన్నవాడికి ఉంది. దీన్ని తప్పించడానికి వైడ్ షాట్లు రోజూ ఒకే రెండు గంటల్లో తీస్తారు, క్లోజప్‌లకి పైన బట్ట కట్టి ఎండ ఆపుతారు. చెట్లు ఇంకా కష్టం. ఒకసారి మామిడితోటలో ఫైట్, మొదటి షెడ్యూల్‌లో చెట్ల నిండా పూత, మిగిలింది తియ్యడానికి వెళ్లేసరికి కొమ్మలు వంగేలా తోతాపురి కాయలు. రెండు రోజులు కెమెరాని నడుం ఎత్తు కంటే పైకి లేపకుండా తీశాం. ఆ సీన్ చూసి "ఎంత కొత్త యాంగిలో" అన్నవాళ్లు ఉన్నారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా రష్‌లో, అంటే ఎడిటింగ్‌కి ముందు తీసినది తీసినట్టు ఉండే ఫుటేజీలో, పది తేడాలు మిగులుతాయి. అప్పుడు నిర్ణయం ఎడిటర్‌ది. రెండు టేకులున్నాయి. ఒకదాంట్లో అన్నీ సరిపోయాయి కానీ దెబ్బ చప్పగా ఉంది, ఇంకోదాంట్లో వాచీ తప్పు కానీ ఆ మనిషి కళ్లలో కోపం నిజంగా ఉంది. ఏ మంచి ఎడిటరైనా రెండోదే వాడతాడు, వాడాలి కూడా. ఈ విషయంలో నాకు ఎప్పుడూ సందేహం లేదు.

1968లో వచ్చిన బుల్లిట్ అనే హాలీవుడ్ సినిమా తీసుకో. శాన్ ఫ్రాన్సిస్కో రోడ్ల మీద దాదాపు పదకొండు నిమిషాల కార్ ఛేజింగ్. అందులో ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని ఆ రెండు కార్లూ మళ్లీ మళ్లీ దాటుకుంటూ పోతాయి, ఎందుకంటే ఒకే పరుగుని వేరే వేరే కెమెరాలతో తీసి ముక్కలుగా వాడారు. విలన్ల కారు చక్రాల కప్పులు ఊడిపోతూనే ఉంటాయి, లెక్కపెడితే కారుకి ఉండే నాలుగు కంటే ఎక్కువే ఊడతాయి. ప్రపంచంలో కంటిన్యుటీ తప్పుల గురించి ఎవరు మాట్లాడినా ఈ ఛేజింగ్ పేరు చెప్తారు. ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది ఎడిటింగ్‌కే.

ఇంకోటి 1971 జేమ్స్ బాండ్ సినిమా, డైమండ్స్ ఆర్ ఫరెవర్. సన్నటి సందులోకి కారు కుడివైపు రెండు చక్రాల మీద వంగి దూరుతుంది, అవతల ఎడమవైపు రెండు చక్రాల మీద బయటికొస్తుంది. లోపలికి వెళ్లడం ఒక ఊళ్లో, బయటికి రావడం ఇంకో ఊళ్లో తీశారు. తేడా తెలిశాక మధ్యలో కారు ఇటు నుంచి అటు వాలినట్టు ఒక చిన్న షాట్ ఇరికించారు. నిజంగా ఆ సందులో అలా వాలే చోటు లేదు. ఆ చిన్న షాట్ అంటే నాకు చాలా గౌరవం, ఎందుకంటే అది ఒళ్లు దాచుకోకుండా తప్పు సర్దడానికి చేసిన ప్రయత్నం.

ఇక రెండో రకం, వాస్తవం తప్పులు. ఇక్కడ నేను రాజీ పడను. వాచీ మారడం పని ఒత్తిడిలో జరుగుతుంది. తుపాకీలో ఎన్ని గుళ్లు పడతాయో తెలియకపోవడం ఒత్తిడి వల్ల కాదు, అడగకపోవడం వల్ల. అడగడానికి పైసా ఖర్చు లేదు.

తుపాకులతోనే మొదలుపెట్టు, అన్నిటికంటే సులువు. ఏకే 47 మ్యాగజైన్‌లో 30 గుళ్లు. ఆ తుపాకీ నిమిషానికి సుమారు 600 చొప్పున కాలుస్తుంది, అంటే సెకనుకి పది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే మూడే సెకన్లలో ఖాళీ. మనవాళ్లు స్లో మోషన్ తీసేసి లెక్కపెట్టినా పదిహేను, ఇరవై సెకన్లు ఆపకుండా కాలుస్తారు. పాతకాలం కానిస్టేబుల్ చేతిలో ఉండే 303 రైఫిల్ అయితే ఇంకా వేరు, ప్రతి గుండుకీ బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోయాలి. అది టపటపా పేలిందంటే సీన్ తీసినవాళ్లు ఆ రైఫిల్‌ని ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదన్నమాట. గ్లాక్ పిస్తోలుకి వెనకాల బయటికి కనపడే హ్యామర్, అంటే వేలితో వెనక్కి లాగే చిన్న సుత్తి లాంటిది, ఉండదు, కానీ హీరో విలన్ తలకి పెట్టగానే క్లిక్ మని హ్యామర్ లాగిన చప్పుడు వస్తుంది, అది తర్వాత సౌండ్ ఇంజనీర్ కలిపింది. డై హార్డ్ అనే హాలీవుడ్ సినిమా రెండో భాగంలో పెద్ద డైలాగే ఉంది, గ్లాక్ 7 అనే పింగాణీ తుపాకీ, జర్మనీలో తయారైంది, ఎక్స్‌రేలో కనపడదు అని. అలాంటి తుపాకీయే లేదు, గ్లాక్ కంపెనీ ఆస్ట్రియాది, అందులో బారెల్, స్లైడ్ ఉక్కువి. ఆ ఒక్క మాటని ఎంతమంది నిజం అనుకున్నారో చూడు, వాస్తవం తప్పుకి ఉండే బలం అది.

గుండు తగిలిన మనిషి పది అడుగులు ఎగిరి గోడకి కొట్టుకోవడం మనకి బాగా అలవాటైపోయింది. లెక్క చెయ్యి. 9 ఎంఎం గుండు బరువు 8 గ్రాములు, వేగం సెకనుకి 360 మీటర్లు. ఆ తోపుడు మొత్తం 70 కిలోల మనిషికి వెళ్లినా అతను సెకనుకి 4 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతాడు, అంతే. పైగా గుండు అవతలివాడిని పది అడుగులు తోయగలిగితే, కాల్చినవాడినీ అంతే దూరం వెనక్కి తోయాలి. గుండు తగిలితే మనిషి ఎక్కువగా ఉన్నచోటే కూలిపోతాడు. నన్నడిగితే చూడటానికి అది ఎగిరిపడటం కంటే భయంగా ఉంటుంది.

సైలెన్సర్ పెడితే "ఫుట్" మని చిన్న చప్పుడు రాదు. పిస్తోలు చప్పుడు 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, సైలెన్సర్ అందులోంచి మహా అయితే ఓ 30 తగ్గిస్తుంది, ఇంకా 130 మిగిలే ఉంటుంది. పక్కగదిలో నిద్రపోయేవాడు లేచి కూర్చుంటాడు. పెట్రోల్ ట్యాంకుకి మామూలు గుండు తగిలితే కారు పేలిపోవడం కూడా అంతే. పెట్రోల్ ఆవిరి గాల్లో 1.4 నుంచి 7.6 శాతం మధ్య కలిస్తేనే మండుతుంది, మూసిన ట్యాంకులో ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది, నిప్పు పట్టడానికి గాలి చాలదు. చిల్లు పడి పెట్రోల్ కారుతుంది, అంతే.

బ్రీఫ్‌కేసులో ఐదు కోట్లు కూడా చూసుకో. ఐదొందల నోట్లలో అయితే వంద నోట్ల కట్టలు వెయ్యి. కట్ట మందం ఒక సెంటీమీటరు అనుకున్నా ఒకదాని మీద ఒకటి పెడితే పది మీటర్లు. మామూలు బ్రీఫ్‌కేసులో ఒక కోటే కష్టంగా పడుతుంది.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నువ్వు చిత్తూరువాడివి కాబట్టి వేరేవాళ్లకి కనపడని తప్పులు నీకు కనపడతాయి, నీ ఛానెల్‌కి బలం అదే, దయచేసి వాటి మీద ఎక్కువ పెట్టు.

తిరుమల కొండ మీదికి ఛేజింగ్ అని కథలో చెప్పి ఎక్కడో వేరే ఘాట్‌లో తీస్తారు, అది అర్థం చేసుకోగలను, అనుమతి ఉండదు. కానీ హీరో కారు పైకి పోతుంటే ఎదురుగా లారీ దిగి వస్తుంది చూడు, అది ఒప్పుకోలేను. పైకి వెళ్లే రోడ్డు వేరు, కిందికి దిగే రోడ్డు వేరు, కొండకి ఒక్కసారి వచ్చిన యాత్రికుడికైనా ఈ సంగతి తెలుసు. అలిపిరిలో తనిఖీ కాకుండా ఏ బండీ పైకి పోదు, డిక్కీలో తుపాకులు పెట్టుకుని దూసుకుపోవడం ఎలా కుదురుతుంది? అయితే ఇక్కడ నువ్వూ జాగ్రత్తగా ఉండాలి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. కథ 1960ల్లో జరిగితే ఉన్నది ఒక్క రోడ్డే, ఎదురుగా బండి రావడం తప్పు కాదు. కాలం చూడకుండా తప్పు అనేస్తే తప్పు నీదవుతుంది.

నంబర్ ప్లేట్లు కూడా అంతే. ఏపీ 03 అంటే మన చిత్తూరు. 2019 నుంచి కొత్త బళ్లకి రాష్ట్రం మొత్తానికీ ఏపీ 39 ఇచ్చారు. 2005లో జరిగే కథలో ఫ్యాక్షన్ నాయకుడి కాన్వాయ్‌కి ఏపీ 39 ఉంటే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ స్టిక్కర్ మార్చలేదన్నమాట. 1989కి ముందు జరిగే కథల్లో రాష్ట్రం కోడు, జిల్లా నంబరు ఉన్న ఈ పద్ధతే ఉండకూడదు. అలాగే 2022 ఏప్రిల్ 4కి ముందు తిరుపతి జిల్లా అనేదే లేదు. 2010 కథలో ఆఫీసు బోర్డు మీద "తిరుపతి జిల్లా" అని కనపడితే రాసుకో.

పోలీసు భుజాలు చూడటం అలవాటు చేసుకో. ఎస్సైకి రెండు నక్షత్రాలు, కింద ఎరుపు నీలం రిబ్బన్. సీఐకి మూడు నక్షత్రాలు, అదే రిబ్బన్. డీఎస్పీకి కూడా మూడు నక్షత్రాలే, రిబ్బన్ ఉండదు. ఆ గుడ్డముక్క ఒక్కటి లేకపోతే సీఐ కాస్తా డీఎస్పీ అయిపోతాడు. అద్దెకి తెచ్చిన యూనిఫాంలో రిబ్బన్ ఊడిపోయి ఉంటుంది, ఎవరూ చూడరు. మా సెట్‌కి ఒకసారి బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్ ఆయనే వచ్చి, "సార్, మీ సీఐ గారికి ప్రమోషన్ వచ్చింది" అని చెప్పి చూపించాడు. అప్పటికి ఇరవై షాట్లు అయిపోయాయి. ఆయన పొద్దున్నించీ అక్కడే కూర్చుని ఉన్నాడు, మాలో ఒక్కరూ ఆయన్ని అడగలేదు. ఇప్పటికీ నాకు బాధ కలిగించేది ఆ సంగతే.

ఎర్రచందనం సంగతి అయితే మనవాళ్లందరికీ తెలుసు. శేషాచలం అడవుల్లో పెరిగే ఆ చెట్టు చేవ, అంటే లోపలి గట్టి ఎర్ర కర్ర, నీళ్ల కంటే బరువు, వేస్తే మునుగుతుంది. ఏ సినిమాలోనైనా చేవదుంగలు తేలుకుంటూ కొట్టుకుపోతుంటే అవి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు రంగు వేసిన దుంగలు. ఆరడుగుల పొడవు, పది అంగుళాల అడ్డుకొలత ఉన్న దుంగ దాదాపు వంద కిలోలు తూగుతుంది. దాన్ని ఒంటిచేత్తో భుజానికెత్తుకుని కొండ ఎక్కితే చెట్టు గురించీ తెలియనట్టే, ఆ బరువు మోసే కూలీల గురించీ తెలియనట్టే.

వీడియో చేసేముందు రెండు పనులు చెయ్యి. మొదటిది, సినిమా ఒకసారి మామూలుగా చూసి, రెండోసారి ఫైట్లు మాత్రం సౌండ్ ఆపేసి చూడు, సంగీతం లేకపోతే కన్ను తేడాలు పట్టుకుంటుంది. రెండోది, టీవీలో వచ్చిన ప్రింటు చూసి తప్పు అనకు. సెన్సార్‌లో హింస తగ్గించమన్నప్పుడు, టీవీ టైముకి కుదించినప్పుడు మధ్య షాట్లు పోతాయి. కత్తి తగిలిన షాట్ పోయి రక్తం మాత్రం మిగులుతుంది, అది చూసి కంటిన్యుటీ రాసినవాడిని తిట్టొద్దు.

నీ వాచీ షాట్ ఎన్నో నిమిషంలో ఉందో ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను. జేబు కుడివైపు ఉంటే ఫ్లిప్. జేబు ఎడమవైపే ఉండి వాచీ మాత్రం కుడిచేతికి ఉంటే, ఆ షాట్‌లో మొహం కనపడుతోందా లేదా చూడు. కనపడకపోతే అది డూప్, అతనికి వాచీ ఏ చేతికి పెట్టాలో ఎవరూ చెప్పి ఉండరు.